జానెడు, మూరెడు, బారెడు: పేస్‌మేకర్ దగ్గర్నుంచి పెట్రోల్ బంకు దాకా ఫోన్ ఎక్కడ ఎంత దూరంలో ఉండాలి

మా నాన్నకి పేస్‌మేకర్ (గుండె సరైన వేగంతో కొట్టుకునేలా చూసే చిన్న మిషన్) పెట్టి ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన కాయితంలో "మొబైల్ ఫోన్ దూరముగా ఉంచవలెను" అని ఒక్క లైనుంది, ఎంత దూరమో ఏ వైపో ఎందుకో ఏమీ లేదు, అడుగుదామంటే డ్యూటీ డాక్టర్ అప్పటికే పక్క వార్డుకి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చాక మొదలైంది గోల. మా అత్తేమో నాన్నకి ఇక ఫోనే ఇవ్వొద్దంది, బాబాయ్ ఫ్లైట్ మోడ్‌లో పెడితే చాల్లే అన్నాడు, నాన్న ఇవేవీ పట్టనట్టు ఎప్పట్లాగే చొక్కా ఎడమ జేబులో ఫోన్ పడేసుకుని పేపర్ చదువుకుంటున్నారు. ముగ్గురిదీ తప్పే. అది తెలియడానికి నాకు రెండు ఫాలోఅప్‌లు, పేస్‌మేకర్ కంపెనీ బుక్‌లెట్, కొన్ని రాత్రుల చదువు పట్టింది.

అసలు విషయం ముందే చెప్పేస్తా. ఫోన్ ఆపామా లేదా అన్నది కాదు, ఎంత దూరంలో ఉంది అన్నదే లెక్క. దాన్ని కొలవడానికి టేపు అక్కర్లేదు, మన పాత కొలతలే సరిపోతాయి. అరచెయ్యి విప్పి చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జాన, సుమారు 9 అంగుళాలు. రెండు జానలు ఒక మూర, అంటే మోచేతి నుంచి మధ్యవేలి చివర దాకా, ఒకటిన్నర అడుగు. నాలుగు మూరలు ఒక బార, చేతులు రెండూ బార్లా చాపినంత, 6 అడుగులు. నాలుగోది గడప అవతల, అంటే ఫోన్ లోపలికే రాకూడని చోట్లు. ఇంట్లో పెద్దవాళ్ళకి 15 సెంటీమీటర్లు అని చెప్తే బుర్రకెక్కదు, జానెడు అంటే టక్కున చెయ్యి పెట్టి చూసుకుంటారు.

ఫోన్‌లో ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి

ఒకటి రేడియో తరంగాలు. పాత 2జీ ఫోన్ని రేడియో పక్కనో కంప్యూటర్ స్పీకర్ పక్కనో పెడితే కాల్ వచ్చే ముందు టిక్ టికిటిక్ టికిటిక్ అని చప్పుడొచ్చేది గుర్తుందా, అదే ఇది. 2జీ ఫోన్ సెకనుకి 217 సార్లు ఆగి ఆగి సిగ్నల్ వదుల్తుంది, ఆ దెబ్బ ఒక్కోటి 2 వాట్ల దాకా ఉండొచ్చు, పక్కనున్న వైర్లు దాన్ని పట్టేస్తాయి. ఇంకో సంగతి, సిగ్నల్ సరిగ్గా లేనిచోట ఫోన్ గొంతు పెంచుతుంది, అంటే టవర్‌కి అందడం కోసం ఎక్కువ పవర్ వాడుతుంది, లిఫ్టుల్లో, సెల్లార్‌లో, ఆస్పత్రి లోపలి గదుల్లో జరిగేది ఇదే.

రెండోది అయస్కాంతం. స్పీకర్‌లో చిన్నది ఎప్పుడూ ఉంటుంది, కానీ 2020లో ఐఫోన్ 12 వచ్చాక వెనకవైపు ఛార్జర్ అతుక్కోవడానికి గుండ్రంగా అయస్కాంతాల వరస పెట్టడం మొదలైంది, ఇప్పుడు కవర్లకీ, కార్లో పెట్టే స్టాండ్లకీ, పర్సు లాంటి ఫ్లిప్ కేసులకీ అన్నిటికీ ఉంటోంది. మా బాబాయ్ లెక్క ఇక్కడే తప్పింది. ఫ్లైట్ మోడ్ తరంగాల్ని ఆపుతుంది, అయస్కాంతాన్ని ఎవడూ ఆపలేడు, ఫోన్ స్విచాఫ్ చేసినా, బ్యాటరీ చచ్చిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది.

రెండిటికీ మందు ఒకటే, దూరం. దూరం రెట్టింపైతే తరంగాల బలం నాలుగో వంతుకి పడిపోతుంది, అయస్కాంతం అయితే ఇంకా తొందరగా, దాదాపు ఎనిమిదో వంతుకి. అందుకే పెద్ద పెద్ద దూరాలు అవసరం లేదు.

జానెడు: ఒంట్లో మిషన్ ఉన్నవాళ్ళకి

పేస్‌మేకర్‌కి అయస్కాంతం అంటే ఎందుకంత పట్టింపు అంటే, దాన్ని గుర్తుపట్టేలా కావాలనే తయారుచేస్తారు. చెకప్‌లో, ఆపరేషన్ టైములో డాక్టర్లు ఛాతీ మీద అయస్కాంతం పెట్టి దాన్ని వేరే పద్ధతిలోకి మారుస్తారు, అందుకోసం లోపల ఒక సెన్సర్ ఉంటుంది, 10 గాస్‌ల (గాస్ అంటే అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతం తగిలినా అది స్పందించొచ్చు. పాపం దానికేం తెలుసు పెట్టింది డాక్టరా ఐఫోనా అని. అలా మారినప్పుడు పేస్‌మేకర్ గుండె మాట వినడం మానేసి ఒకే వేగంతో కొట్టుకుంటూ పోతుంది, చాలామందికి ఏమీ తెలియదు, కొందరికి గుండె దడగా ఉంటుంది, తీసేయగానే మామూలైపోతుంది. ఐసీడీ, అంటే గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే మిషన్, దానికి మాత్రం ఇది చిన్న విషయం కాదు. అయస్కాంతం ఉన్నంతసేపూ అది షాక్ ఇవ్వదు, అవసరం పడినా ఇవ్వదు. 2021 మొదట్లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి డాక్టర్లు ఐసీడీ ఉన్న పేషెంట్ ఛాతీ మీద ఐఫోన్ 12 పెట్టి చూస్తే మిషన్ నిజంగానే మౌనంగా అయిపోయిందని రాశారు, అదే ఏడాది అక్కడ మందులూ వైద్య పరికరాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఫోన్లూ స్మార్ట్ వాచీలూ మిషన్‌కి 6 అంగుళాల దూరంలో ఉంచమంది. మన జాన అంతకన్నా మూడంగుళాలు ఎక్కువే.

ఇప్పుడు ఇంట్లో చెయ్యాల్సింది వరసగా.

మొదట ఆస్పత్రిలో ఇచ్చిన కార్డు తీసి అది పేస్‌మేకరా ఐసీడీనా, ఏ వైపు పెట్టారు చూడండి. ఎక్కువమందికి ఎడమ మెడ ఎముక కింద ఉంటుంది, ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళకి కొన్నిసార్లు కుడి వైపు పెడతారు. చొక్కా జేబు ఉండేది ఎడమవైపే కదా, అసలు చిక్కంతా అక్కడుంది. మన పెద్దాయనలకి ఆ జేబులో ఫోను, కళ్ళజోడు, పెన్ను, నాలుగు నోట్లు లేకపోతే ఊపిరాడదు. మేం చేసింది ఏంటంటే టైలర్ దగ్గరికెళ్ళి ఉన్న నాలుగు చొక్కాలకీ ఎడమ జేబు నోరు కుట్టేయించి కుడి పక్క కిందకి జేబు పెట్టించాం, నవ్వాడు గానీ కుట్టాడు. పంచె కట్టేవాళ్ళకి మొలకి కట్టుకునే చిన్న సంచీ, ఆడవాళ్ళకి ఫోన్ జాకెట్‌లో దోపుకోవడం మాన్పించి పక్కకి వేలాడే పర్సు. ఒక్కటి చూసుకోండి, పొడవు తాడు పర్సు మెళ్ళో వేసుకుని ముందుకి వేలాడదీస్తే మళ్ళీ ఛాతీ మీదకే వస్తుంది.

మాట్లాడేటప్పుడు మిషన్ లేనివైపు చెవికి పెట్టుకోవాలి, నాన్నకి కుడి చెవి. స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టుకుంటే ఇంకా మేలు, వీధంతా వింటుంది అంతే.

పడుకుని వీడియోలు చూస్తూ ఫోన్ గుండెల మీద పెట్టుకుని నిద్రపోవడం మానాలి. ఇది నాన్నకన్నా మా పిల్లలకి చెప్పాల్సొచ్చింది, తాతయ్య మీద వాలిపోయి ట్యాబ్ ఆయన ఛాతీకి ఆనించి చూస్తారు, ట్యాబ్ మడత కవర్లో కూడా అయస్కాంతాలుంటాయి.

ఒకవేళ తల తిరిగినా, దడగా అనిపించినా, ఐసీడీ బీప్ కొట్టినా (కొన్ని రకాలు కొడతాయి) ముందు ఫోన్ దూరంగా పెట్టేసి కూర్చోబెట్టండి, కాసేపట్లో సర్దుకుంటే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి, సర్దుకోకపోతే 108.

అలాగని ఫోన్ని శత్రువుని చెయ్యక్కర్లేదు. కొన్ని కొత్త పేస్‌మేకర్లు బ్లూటూత్‌తో ఫోన్ యాప్‌కే రిపోర్టు పంపి అక్కణ్ణుంచి ఆస్పత్రికి చేరవేస్తాయి. మా అత్త మాట వినుంటే ఆ సదుపాయం ఉన్నవాళ్ళకి నష్టమే.

గుండుసూది పరీక్ష

ఒక ఆదివారం పూట కూర్చుని చెయ్యండి, పదిహేను నిమిషాల పని. గుండుసూదికి దారం కట్టి వేలాడదీసి ఇంట్లో ఒంటికి దగ్గరగా వాడే ప్రతి వస్తువు దగ్గరికీ తీసుకెళ్ళండి, ఫోన్ వెనక, ఫోన్ కవరు, ఇయర్‌బడ్స్ డబ్బా మూత, వాచీ ఛార్జర్, పర్సు బటను, మెళ్ళో వేసుకునే ఐడీ కార్డు. సూది లాగిందంటే అది జానెడు రూల్‌లోకి వచ్చినట్టే. సూది కదల్లేదు కదా అని పూర్తిగా వదిలెయ్యకండి, ఇది దొంగని పట్టే పరీక్షే గానీ మంచోడని సర్టిఫికెట్ ఇచ్చేది కాదు.

మా ఇంట్లో దొరికిన అసలు దొంగ ఫోన్ కాదు, నెక్‌బ్యాండ్. మెళ్ళో వేసుకునే ఆ ఇయర్‌ఫోన్స్ చివర్లు రెండూ టక్కున అతుక్కుంటాయి చూడండి, అవి అయస్కాంతాలే, వాడనప్పుడు సరిగ్గా మెడ ఎముక కిందే వేలాడుతుంటాయి, నాన్న వాకింగ్‌కి గంటసేపు అలాగే తిరిగేవారు. దాన్ని తీసి వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ ఇచ్చాం, వాటిక్కూడా స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి చెవిలో పెట్టుకోవచ్చు గానీ తీసి చొక్కా మీద వేలాడదియ్యకూడదు.

ఇదే జానెడు రూల్ ఇంకొందరికి కూడా. మెదడులో నీరు చేరితే దాన్ని బయటికి మళ్ళించడానికి పెట్టే గొట్టాలు, అంటే షంట్‌లలో కొన్నిటికి బయటి నుంచి అయస్కాంతంతోనే సెట్టింగ్ మారుస్తారు, ఫోను, ట్యాబ్ కవరు తలకి ఆనిస్తే సెట్టింగ్ మారిపోయే అవకాశం ఉంది. ఆరోగ్యశ్రీలో ఎంతోమంది పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు, దాని బయటి భాగం తలకి అతుక్కునేదే అయస్కాంతంతో, అక్కడ కూడా అయస్కాంతం కవర్లు దగ్గరికి రానివ్వకండి. ఈసీజీ తీసేటప్పుడు, 24 గంటలూ గుండె గీతలు రికార్డు చేసే హోల్టర్ మిషన్ కట్టినప్పుడు ఫోన్ జేబులోంచి తీసేయాలి, ప్రాణానికేం కాదు గానీ గీతలు పాడైతే మళ్ళీ తీయించుకోవాలి, డబ్బులు మనవే.

వినికిడి మిషన్, షుగర్ సెన్సర్

వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళు ఫోన్ చెవి దగ్గర పెట్టగానే గుయ్యిమని వస్తోందంటే అది పైన చెప్పిన 2జీ చప్పుడే. చిన్న కీప్యాడ్ ఫోన్ వాడుతుంటే 4జీ కీప్యాడ్ ఫోన్‌కి మార్చి చూడండి, చాలావరకు తగ్గుతుంది. మిషన్ కొనేటప్పుడు ఎం3, ఎం4 అనే రేటింగ్ ఉందేమో అడగండి, అంకె పెరిగేకొద్దీ ఫోన్ రొద తక్కువ. ఫోన్ని చెవి రంధ్రం దగ్గర కాకుండా మిషన్ మైకు ఉన్నచోట, అంటే కాస్త పైకి, ఒక వేలెడు ఎడంగా పెట్టి వింటే సగం గొడవ పోతుంది.

చేతికి అతికించుకునే షుగర్ సెన్సర్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఫోన్ దూరంగా ఉంటేనే ప్రమాదం, ఎందుకంటే షుగర్ పడిపోతే మోగాల్సింది ఫోనే. 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరిక ఇదే, ఫోన్ సెట్టింగుల వల్ల అలర్టులు మోగక జనం ఇబ్బంది పడ్డారని. కాబట్టి ఆ యాప్ ఉన్న ఫోన్‌లో బ్యాటరీ సేవర్ జాబితా నుంచి ఆ యాప్‌ని తప్పించండి, డూ నాట్ డిస్టర్బ్‌లో దానికి మినహాయింపు ఇవ్వండి, రాత్రి బ్లూటూత్ ఆపకండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడగ్గానే నొక్కెయ్యకుండా ఆ యాప్ కొత్త వెర్షన్‌లో పనిచేస్తుందో లేదో చూసుకుని అప్పుడు చెయ్యండి. కొత్త హెడ్‌ఫోన్ కలిపారంటే అలర్టు ఫోన్‌లో మోగుతోందా హెడ్‌ఫోన్లోనే మోగి ఊరుకుంటోందా ఒకసారి చూసుకోండి. అన్నిటికన్నా ముందు పడుకునేటప్పుడు ఫోన్ ఛార్జింగ్ ఎంతుందో చూడండి.

మూరెడు

వైర్‌లెస్ ఛార్జర్ మీద ఫోన్ పెట్టి ఉన్నప్పుడు ఆపిల్ వాళ్ళు చెప్పేది 30 సెంటీమీటర్లు, మన మూర సరిపోతుంది. మంచం తలగడ పక్కన అలాంటి ఛార్జర్ పెట్టుకోవద్దు. ఇది ఫోన్ కాదు గానీ అడుగుతారని చెప్తున్నా, ఇండక్షన్ స్టవ్‌కి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు 60 సెంటీమీటర్లు, అంటే సుమారు మూరన్నర దూరంలో నిలబడాలి, పోపు వేసేటప్పుడు వంగి చూడటం మానుకోవాలి.

బారెడు: ఐసీయూ, ఆక్సిజన్

ఐసీయూలో ఫోన్ గురించి రెండు మాటలూ వినిపిస్తాయి, రెండిటికీ ఆధారం ఉంది. 2007లో నెదర్లాండ్స్‌లో 61 ఐసీయూ పరికరాల పక్కన ఫోన్ సిగ్నల్ పెట్టి చూస్తే 26 ఇబ్బంది పడ్డాయి, వెంటిలేటర్లు కూడా వాటిలో ఉన్నాయి, కానీ ఎక్కువ కొన్ని సెంటీమీటర్ల దగ్గరలోనే. అదే ఏడాది అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు మామూలుగా మనుషులు వాడినట్టే వాడి 300 సార్లు పరీక్షిస్తే ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. ఆ నెదర్లాండ్స్ వాళ్ళే చివరికి చెప్పింది మీటరు దూరం ఉంచమని. అందుకని బారెడు పెట్టుకుంటే రెండు చదువుల వాళ్ళూ ఒప్పుకుంటారు. వెంటిలేటర్ మీద, సిరంజి పంపు మీద, మానిటర్ మీద ఫోన్ పెట్టడం, అక్కడి ప్లగ్గు పీకి మన ఛార్జర్ గుచ్చడం, ఇవి రెండూ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు, రెండోది నేను కళ్ళారా చూశాను. పేషెంట్‌ని చూపించడానికి వీడియో కాల్ చేస్తూ మొహం దగ్గరికి ఫోన్ తీసుకెళ్తారు, నర్సుని అడిగి, కాళ్ళ వైపు నిలబడి చూపించండి. లోపలికెళ్ళే ముందు చేతులు కడుక్కునేవాళ్ళు ఫోన్ తుడవరు, అది కూడా తుడవండి.

ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ గానీ, కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) గానీ ఉంటే భయం తరంగాలకి కాదు, నిప్పుకి. 2021లో ఎన్ని ఇళ్ళల్లోకి సిలిండర్లు వచ్చాయో మనందరికీ తెలుసు. ఆక్సిజన్ తనంతట తను మండదు, కానీ దుప్పటి, దిండు, జుట్టు దాన్ని పీల్చుకుని ఉంటే చిన్న నిప్పురవ్వకి భగ్గుమంటాయి. ఛార్జింగ్ పెట్టిన ఫోన్, పవర్ బ్యాంక్ పేషెంట్ మంచం మీద ఉండకూడదు, బారెడు అవతల బల్ల మీద పెట్టండి, ఉబ్బిన బ్యాటరీ ఫోన్ అయితే ఆ గదిలోనే వద్దు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కి సరిచేయడం లాంటివి ఎక్కడా చెయ్యకండి.

గడప అవతల

ఎంఆర్‌ఐ గది మొదటిది. మామూలుగా ఉండేవి 1.5 టెస్లా, 3 టెస్లా మిషన్లు. 1.5 టెస్లా అంటే 15,000 గాస్, పేస్‌మేకర్ స్పందించేది 10 గాస్‌కి అని పైన చెప్పాను, లెక్క మీరే వేసుకోండి. అందరూ పొరపడేది ఏంటంటే స్కాన్ అవ్వనప్పుడు ఆగిపోయి ఉంటుందని, కాదు, ఆ అయస్కాంతం ద్రవ హీలియంలో చల్లగా ఉండి రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక పేషెంట్ బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికెళ్ళి దాంతోపాటు మిషన్‌కి లాగబడి చనిపోయాడు. ఫోన్, తాళాలు, జడపిన్నులు, బెల్టు అన్నీ బయట మనిషికి ఇచ్చి వెళ్ళండి, వాచీ కూడా. అదే 2018లో అమెరికాలో ఒక ఆస్పత్రిలో ఎంఆర్‌ఐ బిగించేటప్పుడు హీలియం లీకై భవనంలో ఐఫోన్లు, ఆపిల్ వాచీలు లాంటివి కలిపి నలభై దాకా ఆగిపోయాయి, వేరే కంపెనీల ఫోన్లకి ఏమీ కాలేదు, లోపల గడియారం లాంటి చిన్న చిప్పులోకి హీలియం దూరిందట. ఇది మీకు పనికొచ్చే విషయం కాదు, నాకు నచ్చి చెప్పా.

గ్యాస్ లీకు రెండోది. వంటగదిలో వాసన రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని లైటు వేసి చూడటం, రెండోది అక్కడే నిలబడి గ్యాస్ వాళ్ళకి ఫోన్ చెయ్యడం. రెండూ వద్దు. రెగ్యులేటర్ ఆపండి, తలుపులు బార్లా తెరవండి, ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుని ఉంటుంది, కిటికీ ఒక్కటే సరిపోదు. ఫ్యాను వెయ్యకండి, ఉన్న స్విచ్ ఆపకండి కూడా. ప్లగ్గులో ఛార్జర్ ఉంటే పీకకండి, అలాగే వదిలెయ్యండి, నన్నడిగితే ఫోన్ కన్నా ఆ పీకేటప్పుడు వచ్చే నిప్పురవ్వే ఎక్కువ భయం. అందరూ బయటికొచ్చి గేటు దాటాక 1906కి చెయ్యండి, గ్యాస్ లీకుల కోసం 24 గంటలూ పనిచేసే నంబర్ అది.

పెట్రోల్ బంకు విషయం కాస్త తమాషాగా ఉంటుంది. ఫోన్ వాడొద్దని బోర్డు పెట్టి, దాని కిందే డబ్బులు కట్టడానికి క్యూఆర్ కోడ్ అతికిస్తారు. నిజానికి ఫోన్ తరంగాల వల్లే బంకు తగలబడిందని రుజువైన కేసంటూ లేదు, ఫోన్ పేరు మీద తిరిగే వీడియోల్లో ఎక్కువ అసలు కారణం ఒంటి మీద పుట్టే స్థిర విద్యుత్తు. పెట్రోల్ ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగలదు, చలికాలం నైలాన్ బట్టలు తీసేటప్పుడు చిటపటమనే నిప్పురవ్వ చాలు దానికి. అయినా బోర్డు పాటించండి, ఫోన్ చూస్తున్నవాడికి ట్యాంకు పొర్లడం కనపడదు, అదొక్కటి చాలు కారణం. పద్ధతి ఇది, ఇంజిన్ ఆపి బండి దిగండి, ఫోన్ జేబులోనే ఉంచండి, మూత పెట్టించాక బండి నాలుగడుగులు ముందుకి తోసి అక్కడ స్కాన్ చెయ్యండి. ట్యాంకులోకి ఫోన్ టార్చ్ వేసి ఎంతుందో చూడటం వద్దు.

క్వారీల్లో పేలుళ్ళ దగ్గర ఫోన్ ఆపమని బోర్డు ఉంటే అది ఊరికే పెట్టింది కాదు, ఎలక్ట్రిక్ డిటోనేటర్ వైర్లు ఏంటెన్నాలా పనిచేస్తాయి. సింగరేణి లాంటి భూగర్భ బొగ్గు గనుల్లోకి మామూలు ఫోన్, బీడీ, అగ్గిపెట్టె ఏదీ తీసుకెళ్ళనివ్వరు, గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే చిన్న నిప్పుకి పేలుతుంది.

పిడుగు సంగతి కూడా అడుగుతారు. ఫోన్ పిడుగుని పిలవదు, పొలంలో ఫోన్ పారేసి చెట్టు కిందకి పరిగెత్తడం దానికన్నా పెద్ద తప్పు. ప్లగ్గుకి తగిలించి ఛార్జింగ్‌లో ఉండగా మాట్లాడటం మాత్రం వద్దు. పుణెలోని వాతావరణ సంస్థ ఐఐటీఎం చేసిన దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగు పడే సూచన ముందే చెప్తుంది.

చివరిగా, ఫోన్ లాక్‌లో ఉన్నా కనపడేలా

సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అని ఉంటుంది, ఐఫోన్‌లో అయితే హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ. అందులో పేస్‌మేకర్ ఉంది అని, ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ వైపు, వాడే రక్తం పలచబడే మందు పేరు, ఇద్దరి నంబర్లు రాసి లాక్ స్క్రీన్ మీద కనిపించేలా ఆన్ చెయ్యండి. పేషెంట్ కార్డు ఫోటో ఫోన్‌లో ఉన్నా అసలు కార్డు పర్సులోనే ఉండాలి, ఎయిర్‌పోర్టులో, తిరుమల క్యూలో స్కానర్ దగ్గర అది చూపించి, గేటు దగ్గర ఆగకుండా నడిచి దాటేసి, చేత్తో పట్టుకునే డిటెక్టర్ని ఛాతీ మీద ఎక్కువసేపు ఆపొద్దని చెప్పొచ్చు. తిరుమలలో ఎటూ ఫోన్ డిపాజిట్ చేసేస్తాం కాబట్టి అక్కడ ఫోటో ఏం అక్కరకు రాదు, మేం మొదటిసారి వెళ్ళినప్పుడు కార్డు ఇంట్లో పెట్టి ఫోటో ఫోన్‌లో పెట్టుకుని, ఆ ఫోన్ కౌంటర్‌లో ఇచ్చేసి లోపలికెళ్ళాం.